ఒక గిన్నెలో నాలుగు తాళిబొట్లు

గిల్టు నగల అంగట్లో కౌంటర్ కాడ కొత్తగా చేరిన ఆడపిల్లోల్లు ఎవరన్నా ఇది చదువుతాంటే, మీకే చెప్తాండా. నేను పదో తరగతి తప్పినదాన్ని, పెద్ద మాటలు నాకు రావు. నోటికొచ్చినట్ల చెప్పుకుంటా పోతా. కర్నూల్లో పాత టౌన్ పక్క ఒక అంగట్లో నాలుగేండ్లు చేసినా. ఇప్పుడు పెండ్లయి డోన్‌లో ఉండా, సంకలో బిడ్డ, పని మానుకున్నా. ఆ నాలుగేండ్లల్లో నేను అమ్మిన గొలుసులు, కమ్మలు ఒకటీ యాదికి లేవు. మూడు దినాలు మాత్రం ఉండాయి.

మా అంగడికి వచ్చేటోల్లల్లో సగం మంది కొనేదానికి రారు, పాలిష్‌కి వస్తారు. మన ఎండకు గిల్టు గొలుసు ఎన్నాళ్లు నిలుస్తాది చెప్పండి. చెమట, సబ్బు, తలకు పెట్టే నూనె, అన్నీ దానికి శత్రువులే. ఆరేడు నెలలకు మెడకాడ పూత పోయి రాగి తేలుతాది, ఆ తర్వాత నల్లబడతాది. వచ్చినోల్లందరికీ నేను ఒకటే పాట పాడేదాన్ని. అక్కా, నీళ్లు పోసుకునేటప్పుడు తీసి పెట్టు, మెత్తటి పొడిగుడ్డతో తుడ్సు, దూదిలో చుట్టి కవర్లో పెట్టు, చింతపండేసి మాత్రం తోమొద్దు, అది రాగి చెంబు కాదు అని. వాల్లు బుద్ధిగా తలకాయ ఊపి పోతారు. మల్ల వచ్చేటప్పుడు చింతపండుతో తోమే తెస్తారు. ఒకామె ముగ్గుపిండితో తోమి ఎంత తెల్లగ చేసి తెచ్చిందంటే, వెండి గొలుసేమో అనుకోని నేను లోపలికి పంపియ్యనే లేదు.

తాళి గొలుసు సంగతి వేరే. గొలుసు గిల్టుదే గానీ దానికి ఉండే బొట్లు రెండూ బంగారువి. ఒకటి పుట్టింటోల్లు పెట్టింది, ఒకటి అత్తింటోల్లు పెట్టింది. శుక్రవారం శుక్రవారం వాటికి పసుపు పూస్తారు. ఆ పసుపు గొలుసుకు తగిలి పూతను తినేస్తాది. తీసి పెట్టమ్మా అని చెప్తే కొడతారు కూడా. అందుకే మా కౌంటర్‌లో పెద్దక్క ఒకామె, ఇరవై ఏండ్ల నుంచి అదే పని చేస్తాన్న మనిషి, నేను చేరిన మొదటి దినమే నన్ను పక్కన కూచోబెట్టుకోని ఎట్ల చేయాల్నో చూపించింది. ముందు ఆమె మెడలో పసుపు తాడు పడాల, దానికి పసుపు కొమ్ము కట్టుండాల. అది పడినాకనే గొలుసు తీయాల. మెడ ఒక్క నిమిషం కూడా బోసిగా ఉండకూడదు. గొలుసు పాలిష్‌కి లోపలికి పోతాది. బొట్లు మాత్రం ఆమె కండ్ల ముందరే పొడిగుడ్డతో తుడ్సి, అప్పుడే ఆ తాడుకు ఎక్కియ్యాల. ఒకరి పని అయ్యేదాకా ఇంగొకర్ని కూచోబెట్టగూడదు.

నాకప్పుడు నవ్వొచ్చింది. ఇదేం చాదస్తం అనుకున్నా.

అది శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి ముందు దినం, గురువారం. అంగడి నిండా జనం. పెద్దక్క అన్నం తినేదానికి మేడ మీదికి పోయింది. నేనొక్కదాన్నే ఉండా. ఇద్దరు ఆడోల్లు నా ముందర ఒకేసారి కూచున్నారు.

ఒకామె పడమటి పల్లె నుంచి వచ్చింది, మంత్రాలయం పక్క. ముప్పై ఐదేండ్లు ఉంటాయేమో. చీర నలిగిపోయి ఉండాది, కండ్ల కింద నల్లగా ఉండాది. ఆమె మొగుడు కర్నూల్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నాడంట, గుండెకు ఆపరేషన్, సోమవారం పొద్దున. గొలుసు నల్లబడి మెడంతా దద్దుర్లు వచ్చినాయి. మొగుడు కోతకు పోతాంటే పెండ్లాం మెడలో నల్లటి గొలుసేంది, మంచిది కాదు అని అత్త అన్నిందంట. దానికే పరిగెత్తుకోని వచ్చినాది. బిన్నా చేయి పాపా, ఆయప్పను ఇడిసి వచ్చినా అనింది.

ఇంగొకామెది రాయచోటి. చిన్న వయసే, మాటకారి. మొగుడు కువైట్‌లో డ్రైవరు. కర్నూల్లో చిన్నాయన కూతురు పెండ్లికి వచ్చింది, సాయంత్రం బస్సుకు పోవాల. ఆమెకూ తొందరే.

ఇద్దరికీ మెడలో తాళ్లు ఏసినా. అంతవరకు సరిగ్గానే చేసినా. గొలుసులు రెండూ తీసి లోపల పాలిష్ చేసే చాచాకు ఇచ్చినా. ఇంగ బొట్లు. ఏండ్ల తరబడి పూసిన పసుపు గడ్డకట్టి, దాని మీద నల్లటి జిడ్డు పట్టి, లోపల బంగారం ఉండాదో లేదో తెలీనట్ల ఉన్నాయి. పొడిగుడ్డకు రాలే. వెనక కొళాయి కాడికి పోయి, గోరువెచ్చటి నీళ్లల్లో రవ్వంత షాంపూ ఏసి నానబెడితే తళతళ మంటాయి గదా, ఇద్దరూ సంతోషపడతారు గదా అనుకున్నా. నాలుగు బొట్లూ ఒకే గిన్నెలో ఏసినా.

చూడండి, సోమరితనంతో చేసింది కాదు. మంచి చేద్దామనే చేసినా. అదే నాకు ఎక్కువ మంట.

పుట్టింటి బొట్లు తేడాగా ఉన్నాయి, ఒకదాని మీద లక్ష్మీదేవి, ఒకటి ఏమీ లేకుండా. అత్తింటి బొట్లు మాత్రం రెండూ గుండ్రంగా, ఒకే సైజు, నడిమధ్యన ఒక బొడిపె. కడిగి తుడ్సి ఎవరివి వాల్లకు ఎక్కిచ్చినా. ఇదే కదక్కా మీది అని అడిగినా కూడా. ఇద్దరూ అవునన్నారు. వాల్లకు మాత్రం ఎట్ల తెలుస్తాది, పెండ్లయినప్పటి నుంచి పసుపు లేకుండా వాటిని చూసిందే లేదు. గంటన్నరకు గొలుసులు వచ్చినాయి, బొట్లు గొలుసులకు మార్చినా, తాళ్లు తీసినా. రాయచోటి అక్క అద్దంలో చూసుకోని మురిసిపోయింది. పడమటి అక్క అద్దం కూడా చూసుకోలే, ఆటో ఎక్కి పోయింది.

మా అంగట్లో ఒక పద్ధతి ఉన్నింది. ఏ నగ వచ్చినా ముందొక ఫోటో, అయినాక ఒక ఫోటో, ముందూ వెనకా తీసి పెట్టుకోవాల, రేపు పేచీ వస్తే చూపించేదానికి. ఆ సాయంత్రం జనం పల్చబడినాక ఫోన్‌లో ఫోటోలు సర్దుతాంటి. పడమటి అక్క ఫోటో పెద్దది చేసి చూసినా. అత్తింటి బొట్టు వెనకపక్క, పసుపు రాలిన కాడ, చిన్న గుంత. పిల్లోడెవడో పండ్లు వచ్చేటప్పుడు కొరికినట్ల. అయినాక తీసిన ఫోటోలో ఆమె బొట్టు వెనక నున్నగ ఉండాది. రాయచోటి అక్క ఫోటో తెరిచినా. గుంత దాంట్లో ఉండాది.

నాలుగు ఫోటోలు ముందుకీ వెనక్కీ జరుపుకుంటా కూచున్నా, ఎన్నిసార్లు చూసినా గుంత అక్కడే ఉండాది. సోమవారం కోత పెట్టించుకునే మనిషి కట్టిన బొట్టు రాయచోటి బస్సులో పోతాంది. ఆయన పెండ్లాం మెడలో ఎవరో కువైట్ ఆయన బొట్టు ఉండాది.

మీకు నవ్వొచ్చొచ్చు. నేను మూఢనమ్మకాల మనిషిని కాదు అని నేనూ చెప్పుకునేదాన్నే. ఆ దినం చెప్పుకోలేకపోయినా. ఆయప్పకు ఏమన్నా అయితే? ఆ అత్త కోడలి మెడ పట్టి చూస్తే? అంతకంటే, ఎవరూ చూడకుండానే ఏమన్నా అయితే, నేను దాన్ని కడుపులో పెట్టుకోని ఎట్ల తిరగాల?

పెద్దక్కకు చూపించినా. ఆమె ఫోటోలన్నీ చూసింది. తర్వాత నా చేతిలో ఫోన్ తీసుకోని బోర్లా పెట్టింది.

"నోరు మూసుకోనుండు. ఆ బొట్టుకేమన్నా తెలుసా అది ఎవరి మెడో. ఇద్దరికీ తెలీదు, తెలీనంతవరకు ఏమీ లేదు. తెలిసిందంటే ఇద్దరి కాపురాల్లో నువ్వు నిప్పు పెట్టినట్ల."

ఆమె నా మంచికే చెప్పింది. శుక్రవారమంతా ఆమె మాట ఇన్నా. వ్రతం దినం గదా, వచ్చిన ప్రతి ఆడమనిషీ పసుపు కుంకాలతో వచ్చినారు. ఎవరి మెడ చూసినా నాకు బొట్లే కనపడతాండాయి. మధ్యాన్నం చాచాకు టీ ఇయ్యబోయి గ్లాసు జారవిడిసినా. ఆయన ముసలాయన, మాటలు తక్కువ, ముప్పై ఏండ్లుగా ఆ వెనక గదిలోనే గొలుసులు ముంచి తీస్తాండే మనిషి. ఏమైంది బేటీ అని అడిగితే ఏడుస్తా చెప్పేసినా. ఆయన చేతులు తుడ్సుకోని కూచున్నాడు.

"ఏమన్నా కానీ కాకపోనీ, అది ఆ అల్లా చేతిలో ఉండాది. నువ్వు చెప్పేది చెప్పకపోయేది మాత్రం నీ చేతిలో ఉండాది. సోమవారం తర్వాత చెప్పినా అది చెప్పినట్ల కాదు."

అప్పుడే రసీదు చూసి రాయచోటి అక్కకు ఫోన్ చేసినా. ఎత్తలే. పదిసార్లు చేసినా ఎత్తలే. చీకటి పడేటప్పుడు ఎత్తి, ఏమ్మే అన్నిసార్లు చేసినావు, నేను మా ఆయన ఫోన్ ఏమో అనుకోని ప్రతిసారీ పరిగెత్తుకొస్తాండా అనింది. గొంతు మునుపటి మాదిరి లేదు. ఫోన్‌లో చెప్పేదానికి నాకు ధైర్యం చాల్లేదు. కొక్కెం ఒకటి సరిగ్గా పడలే, ఊడిపోతాదేమో, రేపు కడప బస్టాండుకు రా అక్కా నేనే వస్తా అని అబద్ధం చెప్పినా. కొక్కెం కోసం కర్నూలు నుంచి కడపకు వస్తావా అని ఆమె అడిగితే, మా ఓనరు అట్లాంటోడక్కా, పని అంటే ప్రాణం అన్నా. మా ఓనరుకు ఇదేమీ తెలీదు పాపం. తర్వాత నేనే చెప్పుకున్నా, నన్ను మూడు నెల్లు గాజుల కౌంటర్‌కు మార్చినాడు, అంతే. నేను ఇంగా ఎక్కువే అనుకున్నా.

శనివారం తెల్లారకముందే బస్సెక్కినా. బ్యాగులో పసుపు తాళ్లు, కొమ్ములు, చిన్న పట్టకారు పెట్టుకున్నా. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ఆ దారంతా కిటికీలోకి ఎండ కొడతానే ఉన్నింది. కడప బస్టాండులో ఆమె నాకంటే ముందే వచ్చి కూచోనుండాది. మొగం వాచిపోయి ఉండాది. నన్ను చూస్తానే, రెండు దినాల నుంచి మా ఆయన ఫోన్ ఎత్తడం లేదమ్మే, ఎప్పుడూ ఇట్ల చేయలే అనింది.

ఎప్పటి నుంచక్కా అని అడిగినా. గురువారం సాయంత్రం నుంచి అనింది.

ఇంగ చెప్పక తప్పదు గదా. చెప్పినా. గిన్నె, షాంపూ, ఫోటోలు, గుంత, ఆసుపత్రి, అన్నీ. ఆమె తిట్టలే. కొంగు తీసి మెడకు చుట్టుకుంది, నా కండ్లకు గూడా ఆ బొట్టు కనపడగూడదన్నట్ల. పక్కన ఒకాయన పల్లీలు అమ్ముకుంటా పోతాండాడు, అనౌన్సుమెంట్లు వస్తాండాయి. ఆమె అనింది, దీన్ని నీకిచ్చి పంపిస్తే నా మెడలో ఒక్కటే ఉంటాది, ఆయన ఫోన్ రాని టైంలో నేనట్ల ఉండలేను, నేనే వస్తా పా అని. ఇంటికి ఫోన్ చేసి చిన్నాయన ఇంట్లో ఏదో మర్చిపోయినానని చెప్పింది.

తిరిగి అదే దారి. ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకోని దాన్నే చూస్తాండాది. ఆళ్లగడ్డ దాటినాక మోగింది. ఆమె ఎత్తబోయి కింద పడేసింది, నేను తీసి చెవికి పెట్టినా. అటుపక్క ఆయన బాగానే ఉన్నాడు. వాల్ల సేటు ఎడారి పక్క తోటకు తోలుకోని పోయినాడంట, ఆడ సిగ్నల్ లేదంట. ఆమె ఫోన్ లాక్కోని, బస్సు బస్సంతా తిరిగి చూసేటట్ల ఆయనను తిట్టింది. చెప్పి పోయేదానికి నోరు రాలేదా, నీ బండి మునిగిపోనూ అనింది. బొట్టు సంగతి ఒక్క మాట చెప్పలే. ఫోన్ పెట్టేసి కొంగుతో మొగం తుడ్సుకుంది. నాకు నవ్వు కూడా వచ్చింది, అంత తేలికైంది ప్రాణం.

కొంచెం దూరం పోయినాక ఆమె కిటికీలోకి చూస్తా మెల్లగా అనింది.

"నా మొగునికి ఏం కాలే. అంటే ఇంగ ఆమె మొగునికేనేమో."

నంద్యాల దాటినాక నేను బ్యాగులో పసుపు తాళ్లు, కొమ్ములు తీసి మల్ల లెక్కపెట్టుకున్నా.

గురువారం పడమటి అక్క పేరు చెప్పిన ఆసుపత్రికి చేరేటప్పటికి మూడు దాటింది. సోమవారం గదా ఆపరేషన్, ఇంగా రెండు దినాలుండాయి, మెల్లగా ఆమెను బయటికి పిలిచి చెప్పొచ్చు అనుకోని పోయినాం. వార్డులో మంచం ఖాళీగా ఉండాది. దుప్పటి కూడా మార్చేసినారు. నేను ఆ ఇనప కమ్మీ పట్టుకోని నిలబడినా. పక్క మంచం ఆయన చెప్పినాడు, ఇంగొకాయనకు జ్వరం వచ్చి ఆయన ఆపరేషన్ ఆపినారు, దానికి ఈయప్పను ముందుకు జరిపినారు, పన్నెండుకే లోపలికి తీసుకుపోయినారు అని.

మూడో అంతస్తులో థియేటర్ ముందర బెంచీ మీద ఆమె కూచోనుండాది. పక్కన అత్త, కండ్లు మూసుకోని రాఘవేంద్రస్వామిని తలుచుకుంటాంది. పడమటి అక్క నన్ను చూసింది, నా వెనకాల ఉన్న ఆమెను చూసింది. లేచి వచ్చింది. అత్తకు ఇనపడకుండా మమ్మల్ని మెట్ల మలుపు కాడికి తీసుకుపోయింది. నేను దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు ఎత్తేలోపలే ఆమే అనింది.

"దీనికి గుంత లేదు."

బొటనేలు ఆ బొట్టు వెనక పెట్టుకోనుండాది. ఆమెకు గురువారమే తెలుసు. ఆసుపత్రికి పోతాన్న ఆటోలోనే తెలుసు. పెద్ద కొడుకు పసివాడప్పుడు కొరికిన గుంత అది, కష్టమొచ్చినప్పుడల్లా ఆమె బొటనేలు దాని మీదికి పోతాదంట. పోయింది, గుంత లేదు. రెండు దినాలు నున్నటి బొట్టును తడుముకుంటా కూచుంది.

ఫోన్ చేయొచ్చు గదక్కా అన్నా నేను.

"ఏమని చేయాల? మా అత్త పక్కనే ఉంటాది. ఆమె చెవిన పడిందంటే కొడుకు లోపల ఉండంగానే ఆమె బయట ప్రాణం ఇడుస్తాది. నోటితో అంటే నిజమైపోతాదేమోనని నేనే ఎవరికీ చెప్పలే."

రాయచోటి అక్క అప్పటికే నా బ్యాగులోంచి తాడు తీసుకోని తన మెడలో ఏసుకుంటాంది. పడమటి అక్కకు నేను ఏసినా. ఆ మెట్ల మీద ఎవరో టిఫిన్ క్యారియర్లు పట్టుకోని ఎక్కుతాండారు, దిగుతాండారు, మమ్మల్ని చూసి ఏమనుకున్నారో. పట్టకారుతో కొక్కెం తెరవబోతే రెండుసార్లు జారింది. పడమటి అక్క నా చేతిలోంచి రాయచోటి అక్క గొలుసు తీసుకోని పండ్లతో తెరిచింది. బొట్టు అరిచేతిలో పడినాక తిప్పి చూసింది. గుంత మీద వేలు పెట్టింది. కండ్లు మూసుకోలే, ఏడవలే, తాడుకు ఎక్కిచ్చుకోని, నున్నటిది రాయచోటి అక్క చేతిలో పెట్టి, తర్వాత గొలుసుకు మార్చుకుంది.

ఇద్దర్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలే. తిట్టింటే బాగుండు అనిపించింది. మన పనిలో ఎవరన్నా మనల్ని అరిస్తే బాధ పడతాం గానీ, అరవకుండా పని సరిచేసుకున్నోల్లే ఎక్కువ గుర్తుంటారు, చూస్తా ఉండండి.

ఇంగ పోతా అక్కా అని నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నా. రాయచోటి అక్కకు బస్సు ఉండాది, నాకు ఇంటికి పోవాల. నిజం చెప్పాలంటే ఆడ ఉండేదానికి నాకు భయం. ఆ తలుపు తెరిచినప్పుడు నేను అక్కడ ఉండకూడదు అనుకున్నా. పడమటి అక్క నా మణికట్టు పట్టుకుంది.

"యాడికి పోతావు. ఆయప్ప వచ్చేదాకా కూచో."

అది ప్రేమతో అన్నమాట కాదు. బెదిరింపు కూడా కాదు. పట్టుకుంది, అంతే. బెంచీ మీద అత్త, ఆమె, నేను, చివర్లో రాయచోటి అక్క. ఆమె కూడా బస్సు మాట ఎత్తలే. అత్త ఒకసారి కండ్లు తెరిచి ఈ పిల్లలెవరే అని అడిగితే, తెలిసినోల్లు అత్తా, చూసేదానికి వచ్చినారు అనింది. నాలుగైంది, అయిదైంది. తలుపు తెరిచినప్పుడల్లా ఎవరో నర్సు ఏదో డబ్బా పట్టుకోని పరిగెత్తుతాంది, మా మొగం చూడకుండా. అట్ల చూడకుండా పోయిన ప్రతిసారీ ఆమె వేళ్లు బిగుసుకుంటాండాయి. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదిలించలే. కదిలిస్తే ఏమవుతాదో అని, నమ్ముతారో లేదో, ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నా.

ఆరు దాటినాక డాక్టరే వచ్చినాడు. తలకు కట్టిన గుడ్డ తీస్తా వచ్చి, ఈయన తాలూకు ఎవరమ్మా అని అడిగినాడు. ఆమె లేచింది. నా చెయ్యి ఇడ్సలే, నన్ను గూడా లేపింది. ఆయన ఏదో ఇంగ్లీషులో అని, మల్ల తెలుగులో, అయిపోయిందమ్మా, బాగుండాడు, రేపు పొద్దన ఒక్కొక్కరు పోయి చూడండి అన్నాడు. అత్త అట్లే నేల మీద కూలబడి చేతులెత్తి మొక్కింది. రాయచోటి అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్సింది, ఎవరో తెలీని మనిషి కోసం.

పడమటి అక్క మాత్రం డాక్టరు పోయిన దిక్కే చూస్తా నిలబడుండాది. తర్వాత కిందికి చూసుకోని, ఇంగా పట్టుకున్న చెయ్యి నాదని అప్పుడే తెలిసినట్ల, మెల్లగా ఇడిసింది.

"పో మే. పొద్దన్నుంచి ఏమీ తిన్నట్ల లేవు."

మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చినా. ఎదురుగా హోటల్లో దోసె వాసన వస్తాంది, రాయచోటి అక్క తింటాం పా అని పిలుస్తాంది. వీధి దీపం కింద చెయ్యి చూసుకున్నా. మణికట్టు మీద నాలుగు వేళ్ల అచ్చు ఎర్రగా లేచి ఉండాది. నొప్పి పుడతాంది గానీ రుద్దబుద్ధి కాలే.